నూటికి మూడు

ఉమ్ అల్ ఖువైన్ల, కార్ఖానాల వెనక,
ఇసుక రోడ్డును మింగుతున్న కాడ మా షెడ్డు.
రాత్రి పదకొండు దాటినా
గాలి పిండని బట్ట లెక్క మెడకు చుట్టుకునే ఉన్నది.
ఖల్ఫాన్ పట్రోల్ బండి బానెట్ ఎత్తి పెట్టిండు.
ఆరు సిలిండర్లు, పక్కన కొత్త టర్బో,
నా ఒళ్ళో ల్యాప్‌టాప్.
తెర నిండ గళ్ళు. అడ్డం ఇంజను తిరుగుడు, నిలువు గాలి ఒత్తిడి,
పదహారు పదహార్లు
రెండువందల యాభై ఆరు.

వామనగుంటలు ఆడినోళ్ళకు ఈ పని తొందరగ అబ్బుతది.
ఏ గుంటల ఎన్ని గింజలు, ఏది ముట్టద్దు.
మా మేనత్త సాయవ్వ మాట్లాడుకుంటనే పంచేది,
చూసేది కాదు.
నేను చూసి చూసి పోస్త.
ఇక్కడ గింజ అంటే
ఇంజెక్టర్ నోరు తెరిచి మూసే జర్రంత సేపు,
మిల్లీసెకనుల ముక్క.

ఎక్కువైతే పొగ నల్లగ, కండ్లు మండుతయి,
పక్క షెడ్డోడు తిడ్తడు.
తక్కువైతే
ఏం కనబడది. అదే భయం.
బక్క మంట సప్పుడు చెయ్యకుండ
పిస్టన్ నెత్తికి బొక్క పెడ్తది.
అందుకే బ్లాకుకు మైకు బిగించి
చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుంట.
ఏం పాట, అని షిజో సైగ చేస్తడు.
సీసాల గులకరాయి ఆడినట్టు
ఒక్క టిక్కు వినబడితే చాలు, ఆ పాట బంద్.

ఒంటిగంటకు ఇసుక గుట్టల కాడికి పోయినం.
ఖల్ఫాన్ తొక్కుతుండు, పక్క సీట్ల నేను.
తెర మీద ఒక చుక్క గళ్ళల్ల ఉరుకుతది,
అది ఆగిన కాడల్ల నేను ఒక గింజ ఏస్త, ఒక గింజ తీస్త.
గుట్ట నడుమ ఇంజను బిగ్గరగ ఊపిరి పీల్చింది.
"ఇంకా పవర్ ఉంది కదా, సదీక్?"

ఉన్నది. అబద్ధమెందుకు.
ఆఖరి వరుసల ఇంకో ఇరవై గుర్రాలు పండుకొని ఉన్నయి.
పెట్రోలు జర గుంజితే లేస్తయి.
కాని ఇది ఆగస్టు. ఇది రాత్రి.
గాలి వేడికి వేరే పట్టిక ఉన్నది:
నలభై దాటితే ఒత్తిడి ఇంత తగ్గించు,
యాభై దాటితే నిప్పు జర ఆగి వెయ్యి.
యంత్రానికి ఎండ లెక్క రాసి పెట్టినం.
మా రూముల భూమన్నకు
పన్నెండున్నర నుంచి మూడు దాక నీడ అని కాగితం ఉన్నది.
కాగితం నీడ ఎంత పడుతదో ఆయన నెత్తినడగాలె.

వీసాకు తెచ్చిన అప్పుకు మిత్తి నూటికి మూడు,
నెల నెల.
ఏడేండ్లు బక్కగ కాలిన,
బయటికి సప్పుడు రాలే.
ఆ అంకె చూస్తే ఇప్పటికీ నోరు చేదు.
అందుకే కావచ్చు,
ఆఖరి నాలుగు గళ్ళకు నూటికి మూడు కలిపిన.
పెట్రోలే. ఆయన ట్యాంకుల నుంచే.
సేవ్ నొక్కిన. ముప్పై ఏడో ఫైలు.
ఆయనకు చెప్పలే.

బండి గుట్టెక్కి ఆవలి చీకట్లకు లైట్లు వంచింది.
కింద ఇంకెవరిదో బండి, తెరిచిన బానెట్,
తెల్ల పొగ, నడుముల మీద చేతులు పెట్టుకున్న నలుగురు.
ఖల్ఫాన్ నవ్వు ఆపి నా దిక్కు తిరిగిండు.
"నా బండిల ఏమన్న దాచినవా?"
నేను సీటు కింద దొర్లిన చాయ్ గ్లాసు
దేవులాడుతున్న.

తెల్లారి ఆరో సిలిండర్ ప్లగ్గు విప్పిన.
పల్లి పొట్టు రంగు.
అన్నిటికంటె వెనకది,
గాలి సోకనిది, వేడంత తన మీద పడేది.
ముందుగాల దాన్నే అడగాలె.